గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న

ముసల్మానుకి ప్రశ్నలు కొత్త కాదు. క్రికెట్ మ్యాచ్ రోజున ఎవరు గెలవాలనుకుంటున్నావని అడుగుతారు. అద్దె ఇంటి కోసం వెళితే ముందు పేరడుగుతారు, పేరు విన్నాక ఏం తింటారని అడుగుతారు. ఎక్కడో బాంబు పేలితే ఖండించావా అని అడుగుతారు. ఖండిస్తే, మనస్ఫూర్తిగానే ఖండించావా అని మళ్లీ అడుగుతారు. వీటి మీద మనవాళ్లు కథలు రాశారు, కవిత్వం రాశారు, కొట్లాడారు. ఇది ఇంకో ప్రశ్న గురించి. దాన్ని మేం మన గల్లీల్లో వినలేదు. బెర్లిన్‌లో విన్నాం, అదీ రాత్రిపూట, గేలు కలుసుకునే చోట.

మేం ముగ్గురం పని మీద వెళ్లాం. పగళ్లు పనికి పోయాయి, నాలుగు రాత్రులు మాకు మిగిలాయి. ఆ నాలుగు రాత్రులూ ఆ ఊళ్లో స్వలింగ ప్రేమికులు తిరిగే వీధులు చూశాం. ఎందుకు చూశారు, మీలో ఎవరైనా 'ఆ టైపా' అని ఇక్కడ ఇద్దరు ముగ్గురు నవ్వుతూ అడిగారు. ఈ వ్యాసంలో దానికి జవాబుండదు. ఎందుకుండదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

షోనెబెర్గ్ అనే పేటలో నోలెన్‌డార్ఫ్‌ప్లాట్జ్ అని ఒక రైలు స్టేషన్ ఉంది. దాని చుట్టుపక్కల మోట్జ్‌స్ట్రాసె, ఫుగ్గర్‌స్ట్రాసె వీధుల్లో బార్లున్నాయి. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాలున్నట్టు వరసగా, ఏ దాపరికమూ లేకుండా ఉన్నాయి. మొదటి రాత్రి మాకు వింతగా తోచింది మగవాళ్లు మగవాళ్ల చేతులు పట్టుకుని నడవడం కాదు. అది మన పాతబస్తీలో రోజూ కనబడేదే, స్నేహితులు చేతులు పట్టుకుని నడుస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. వింతగా తోచింది వాళ్ల జుట్టు నెరిసి ఉండటం. డెబ్బై ఏళ్ల జంటలు కాఫీ తాగుతున్నాయి. అలాంటి మనుషులకు కూడా ముసలితనం ఉంటుందన్న ఆలోచన మన దగ్గర ఎవరికీ రాదు. మన ఊహలో వాళ్లు కుర్రతనంలో 'చెడిపోయి', పెళ్లితో 'బాగుపడేవాళ్లు'. లేదా ఊరొదిలి పోయేవాళ్లు.

ఇలా చూడ్డానికి వచ్చిన పరాయివాళ్లలో మేం మొదటివాళ్లం కాదు. నాజీలు రాకముందు మోట్జ్‌స్ట్రాసెలో ఎల్డొరాడో అని పేరుమోసిన క్లబ్బు ఉండేది. ఆడవేషం వేసుకున్న మగవాళ్లు అక్కడ ఆడేవాళ్లు, పాడేవాళ్లు. వాళ్లను చూడ్డానికి పెద్దింటి భార్యాభర్తలు, విదేశీ యాత్రికులు టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్లు. 1931లో కుర్ట్ మోరెక్ అనే రచయిత బెర్లిన్ 'చెడు' రాత్రులకు ఏకంగా ఒక గైడు పుస్తకమే వేశాడు. ఆ చూసేవాళ్లలో ఎంతమంది, రెండేళ్ల తర్వాత అదే భవనం మీద స్వస్తిక జెండాలు వేలాడుతుంటే నోరు విప్పారు? క్లబ్బు మూతబడింది. చూడ్డానికి వచ్చినవాడికి వినోదం పోయింది, అంతే. ఆడినవాళ్లకు పోయింది వేరు.

ఆ పక్కనే, టియర్‌గార్టెన్ వైపు, మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ అనే యూదు డాక్టరు 1919లో లైంగిక శాస్త్ర సంస్థ పెట్టాడు. స్వలింగ ప్రేమ జబ్బూ కాదు నేరమూ కాదు, మనుషుల్లో ఒక తీరు అని 1897 నుంచీ చట్టం మీద పోరాడినవాడు. 1931లో మన దేశం కూడా వచ్చిపోయాడు. 1933 మే 6న నాజీ విద్యార్థులు ఆ సంస్థ మీద పడి దోచారు. మే 10న నగరం నడిబొడ్డున ఆ పుస్తకాలను తగలబెట్టారు. పుస్తకాల మంటలంటే మనం యూదుల పుస్తకాలూ కమ్యూనిస్టుల పుస్తకాలూ అని చదువుకున్నాం. ముందుగా కొల్లగొట్టిన చోట్లలో స్వలింగ ప్రేమికుల గ్రంథాలయం ఒకటని మన పాఠాల్లో ఎవరూ చెప్పలేదు. అణగారినవాళ్ల చరిత్రలో కూడా కొందరి పేజీ ఎలా జారిపోతుందో చూడండి.

స్టేషను గోడ మీద 1989లో పెట్టిన గులాబీరంగు త్రికోణం పలక ఉంది. నిర్బంధ శిబిరాల్లో వాళ్ల చొక్కాలకు కుట్టిన గుర్తు అది. యూదులకు పసుపు, వీళ్లకు గులాబీ. కొట్టి చంపారు, తర్వాత మాట్లాడకుండా చంపారు అనే అర్థం వచ్చే మాటలు దాని మీద చెక్కారు. రెండో చంపడం గురించి చెప్పాలి, ఎందుకంటే మాకు ఆ పలక దగ్గరే ఒక లెక్క దొరికింది.

జర్మనీ శిక్షాస్మృతిలో 175వ సెక్షను 1871 నాటిది. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసింది. నాజీలు 1935లో దానికి పదును పెట్టారు. 1945లో హిట్లర్ పోయాడు గాని పశ్చిమ జర్మనీలో ఆ సెక్షను నాజీలు రాసిన రూపంలోనే 1969 దాకా నిలిచింది. ఆ కాలంలో దాదాపు 50 వేల మందికి శిక్షలు పడ్డాయి. శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడు కూడా నేరస్థుడే, నోరెత్తితే మళ్లీ జైలు. సెక్షను పూర్తిగా రద్దయింది 1994లో. పాత శిక్షలను కొట్టివేస్తూ చట్టం వచ్చింది 2017లో. అప్పటికి చాలామంది పోయారు.

ఇప్పుడు ఇంకో తేదీ దీని పక్కన పెడదాం. 1961 అక్టోబర్ 30న పశ్చిమ జర్మనీ తుర్కీతో కూలీల ఒప్పందం చేసుకుంది. ఫ్యాక్టరీలకు మనుషులు కావలసి వచ్చారు. అనతోలియా పల్లెల నుంచి రైళ్లలో దిగారు. ఒట్టోమన్లు 1858లోనే రాసుకున్న శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధం నేరంగా లేదు. తర్వాతి తుర్కీ రిపబ్లిక్ చట్టాల్లోనూ లేదు. అంటే 1961లో ఆ రైలు దిగిన ముసల్మాను కూలీల్లో ఎవడైనా స్వలింగ ప్రేమికుడుంటే, వాడు నేరం కాని దేశం నుంచి నేరమైన దేశానికి వచ్చాడు. సుల్తాన్ చట్టం వదిలేసినవాణ్ని యూరప్ చట్టం పట్టుకుని ఉండేది. తుర్కీ సమాజం వాళ్లను నెత్తిన పెట్టుకుందని కాదు. ఇస్తాంబుల్‌లో 2003 నుంచి నడిచిన ప్రైడ్ ఊరేగింపును 2015లో నిషేధించారు, తర్వాతి ఏళ్లలో పోలీసులు రబ్బరు గుళ్లు పేల్చారు. మేం చెప్పేది చట్టం గురించి, అది ఎవరి చేతిలో ఏ ఏడు మారిందన్న దాని గురించి. ఆధునికత ఒకరి పుట్టుసొత్తని, వెనుకబాటు ఇంకొకరి రక్తంలో ఉందని చెప్పే కథకు ఈ తేదీలు అడ్డం వస్తాయి.

ఆ కూలీల పిల్లలు, మనవలు ఉండే పేట క్రాయిజ్‌బెర్గ్. గోడ ఉన్న రోజుల్లో దానికి ఆనుకుని ఉండే చవక ఇళ్ల పేట. ఒరానియెన్‌స్ట్రాసెలో ఎస్.ఓ. 36 అనే హాలుంది. 1970ల చివర్లో పంక్ సంగీతం కుర్రాళ్ల కోసం మొదలైంది. పాత పోస్టల్ నంబరే దాని పేరు. అందులో 1997 నుంచి 'గేహానే' అనే రాత్రి జరుగుతూ వచ్చింది. ఆ పేరు వినగానే మాలో ఒకరు పక్కున నవ్వారు. తుర్కీలో 'మేహానే' అంటే మన మైఖానా. 'హానే' మన ఖానాయే. దవాఖానా, ముసాఫిర్‌ఖానా, మైఖానా, వాటి పక్కన ఇది. ఉర్దూ గజల్‌లో మైఖానా గుమ్మం దగ్గర షేక్ సాహెబ్ ఎప్పుడూ తచ్చాడుతుంటాడు, కవి ఆయన్ని ఆట పట్టిస్తాడు. మూడువందల ఏళ్లుగా మనం వాహ్ వాహ్ అంటున్నాం. ఆ గజళ్లలో ప్రియుణ్ని పుంలింగంలో పిలవడం మామూలు. దాన్ని సంప్రదాయం అంటాం, తసవ్వుఫ్ అంటాం, ఇంకేదో అంటాం. అర్థం చెప్పమని ఏ ఉస్తాదునూ నిలదీయం.

లోపల తుర్కీ పాటలు, అరబ్బీ పాటలు, కుర్దీ పాటలు. నడుం తిప్పుతూ మగవాళ్లు ఆడుతున్నారు, గొంతు లోంచి ఆడవాళ్లు జఘారీత్ తీస్తున్నారు, పెళ్లింట్లో తీసినట్టు. అచ్చం మన పెళ్లిలో మర్ఫా మోగినప్పటి జోరు. మాకు ఆ హాలు పరాయిది అనిపించలేదు. షోనెబెర్గ్ బార్లలో అనిపించింది. అక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు గాని, రెండుచోట్ల మా ముఖం రంగు చూసి గుమ్మం దగ్గర ఆగమన్నారు. ఎవరి తాలూకు, ఎక్కడి నుంచి అని అడిగారు. మా వెనకున్న తెల్లవాళ్లు మమ్మల్ని దాటుకుని లోపలికి పోయారు. హైదరాబాద్‌లో టులెట్ బోర్డు కింద నిలబడ్డవాడికి ఆ నిలబడటం కొత్తేమీ కాదు.

గేహానే బయట సిగరెట్ కాలుస్తూ ఒక కుర్రాడు పలకరించాడు. తాత 60లలో వచ్చిన కూలీ. ఇతను ఆసుపత్రిలో నర్సు పని చేస్తాడు. మమ్మల్ని 'అబీ' అన్నాడు, అంటే భాయ్ అని. ముస్లింలమని తెలిశాక ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"ఆ వైపు బార్లలో నేను తుర్కోణ్ని అబీ" అన్నాడు. "ఇంట్లో చెబితే నువ్విప్పుడు జర్మనోడివైపోయావు అంటారు. ఇద్దరూ కలిసి నన్ను ఎక్కడికి పొమ్మంటారో అర్థం కాదు."

తర్వాత అతనే 'ముస్లిం పరీక్ష' సంగతి చెప్పాడు. జర్మనీ దక్షిణాన బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2006 జనవరి నుంచి పౌరసత్వం అడిగేవాళ్లకు ఒక ప్రశ్నావళి పెట్టింది. పేరుకి అందరికీ, గురి మాత్రం ముస్లిం దేశాల నుంచి వచ్చినవాళ్ల మీద. అందులో స్వలింగ ప్రేమ మీద ప్రశ్నలున్నాయి. ఒకదాని సారం ఇది: మీ ఎదిగిన కొడుకు వచ్చి, నేను ఇంకో మగవాడితో కలిసి బతుకుతానంటే మీరేం చేస్తారు? ఆక్షేపణలు వచ్చాయి, 2011లో దాన్ని ఎత్తేశారు. ఈ కుర్రాడి బాబాయిని ఆ ఆఫీసులో కూర్చోబెట్టి అడిగారట. ఆయన 'నా కొడుకు నా కొడుకే' అని చెప్పి సంతకం పెట్టి వచ్చాడట. ఇంటికొచ్చాక కుటుంబం మొత్తాన్ని నవ్వించాడట, తెల్లోళ్లకు ఏం జవాబు కావాలో అది చెప్పొచ్చానని. ఆ నవ్వేవాళ్లలో ఈ కుర్రాడూ కూర్చుని ఉన్నాడు. నవ్వాడు కూడా. అప్పుడతనికి పదహారేళ్లు.

మేం అప్పట్నించీ ఆ గది గురించే ఆలోచిస్తున్నాం.

ప్రశ్న అడిగిన ఆఫీసరుకి ఆ హక్కు ఎక్కడిది? అతని సొంత చట్టం ఆ కొడుకుని నేరస్థుడనడం మానుకుని అప్పటికి పన్నెండేళ్లయింది. ఆ దేశం తన శిక్షలను కొట్టేసుకోవడానికి ఇంకా పదకొండేళ్లు ఉంది. బవేరియా పల్లెటూళ్లో చర్చికి పోయే రైతును కూర్చోబెట్టి నీ కొడుకు అలాంటివాడైతే ఏం చేస్తావని ఎవరూ అడగలేదు, అతని పౌరసత్వం ఆ జవాబు మీద ఆధారపడలేదు. కనుక అది కొడుకు మీద ప్రేమతో అడిగిన ప్రశ్న కాదు. తండ్రిని బయట ఉంచడానికి వెతుక్కున్న సాకు. స్వలింగ ప్రేమికుల్లో కొందరు ఈ ఎత్తు పసిగట్టారు. 2010 జూన్‌లో అమెరికన్ తత్వవేత్త జుడిత్ బట్లర్‌కి బెర్లిన్ ప్రైడ్ నిర్వాహకులు ధైర్య పురస్కారం ప్రకటిస్తే, ఆమె వేదికెక్కి, వలసవచ్చినవాళ్ల మీద, ముస్లింల మీద జరిగే జాతివివక్షతో ఈ ఉద్యమం పొత్తు పెట్టుకోకూడదని చెప్పి అవార్డు తిరస్కరించింది. తన కోసం పెట్టిన వేదిక మీద నిలబడి మన కోసం మాట్లాడింది. మన వేదికల మీద నిలబడి ఆమెలాంటివాళ్ల కోసం మాట్లాడినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు కూడా అక్కర్లేదు.

ఆ ఆఫీసులో ఆయన ఇచ్చిన జవాబు సరైనదే అంటాం. ఇంకా చెప్పాలంటే అసలు జవాబే ఇవ్వకుండా ఉండాల్సింది. మా లోపల ఏముందో చెప్పాకే మమ్మల్ని మనుషుల్లో కలుపుతారా అని లేచి రావాల్సింది. కూలివాడికి ఆ సౌకర్యం లేదు, సంతకం పెట్టాడు. సమస్య అక్కడ లేదు. అదే ప్రశ్న మరోసారి ఇంట్లో ఉంది, నోరు తెరవకుండా కూర్చుని ఉంది. అడిగేవాడు ఆఫీసరు కాదు, పదహారేళ్ల పిల్లాడు. వాడు పౌరసత్వం ఇవ్వడు, తీసెయ్యడు. నన్ను ఉంచుకుంటారా అని మాత్రమే అడుగుతున్నాడు. ఆఫీసరుకు జవాబు చెప్పకపోవడం ఆత్మగౌరవం. పిల్లాడికి చెప్పకపోవడాన్ని కూడా అదే పేరుతో పిలుస్తున్నాం మనం. చిక్కంతా అక్కడుంది.

బయట శత్రువుండగా ఇంట్లో రచ్చ ఎందుకు, ఈ మాట మనకు బాగా తెలుసు. 1985లో షాబానోకి సుప్రీంకోర్టు మనోవర్తి ఇస్తే విన్నాం. ఆ తీర్పును మన మీద కత్తిగా తిప్పినవాళ్లు నిజంగానే ఉన్నారు. దాన్ని చూపించి 1986లో ఆ ముసలామె నోటి దగ్గర ముద్ద తీసేసిన చట్టానికి మన పెద్దలు తలూపారు. దూదేకులవాళ్లు మసీదులో తమను చూసే చూపు గురించి మాట్లాడితే విన్నాం, ఇప్పుడు కాదు తర్వాత చూద్దాం అని. ఖౌమ్ ప్రమాదంలో లేని రోజు ఏదో ఎవరైనా ముహూర్తం పెట్టి చెబితే బాగుండు. అప్పటిదాకా ఆడవాళ్లు, అడుగు కులాలవాళ్లు, ఇలాంటి పిల్లలు వరసలో నిలబడి ఉంటారు.

ఇది పాపం కదా, లూత్ ప్రవక్త ఖౌమ్ కథ ఖురాన్‌లో లేదా అంటారు. ఉంది. దాని అర్థం మీద ఆలిములు వాదించుకుంటారు, మా ఇల్మ్ అంత దూరం పోదు. మాకు కనిపించేది మాత్రం చెబుతాం. వడ్డీ తినడం పాపమే, మన మొహల్లాలో వడ్డీవ్యాపారి జనాజాకి మొదటి వరసలో జనం. తాగడం పాపమే, తాగినవాణ్ని మోసుకొచ్చి ఇంట్లో పడుకోబెడతాం. జోడా పేరుతో లక్షలు లాగి నిఖా చేసుకున్నవాడికి హారాలు వేస్తాం. ఈ పాపాలు చేసినవాణ్ని ఎవరూ నువ్వు ముసల్మానువే కాదు పో అనరు. ఒక్క ఈ విషయంలోనే ఇల్లు, మసీదు, ఖబ్రస్తాన్ మూడూ మూసుకుంటాయంటే, మూసేది మజహబ్ కాదు. అది ఇజ్జత్. పక్కింటివాళ్లు ఏమనుకుంటారన్న భయం. దానికి ఖురాన్ జిల్దు తొడుగుతున్నాం.

హైదరాబాద్ సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. 1860లో ఇంగ్లీషువాడు రాసిన 377వ సెక్షను ఇక్కడ 2018 సెప్టెంబర్ 6 దాకా బతికింది. అది మనది కాదు, వాడు అంటగట్టింది అని తప్పుకోవచ్చు. కాని హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించాలని, ఆడబట్టల్లో బజార్లో కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని చట్టం చేసింది నిజాం సర్కార్, ఫస్లీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో. ఇంగ్లీషువాడి 1871 నాటి చట్టం పక్కనే ఉంది, మన పాదుషా దాన్ని చూసి రాసుకున్నాడు. బెర్లిన్‌లో హిర్ష్‌ఫెల్డ్ తన సంస్థ తలుపులు తెరిచిన రోజులవి. ఆ నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. గంగా జమునా తహజీబ్ గురించి రాసే మన వ్యాసాల్లో ఈ రిజిస్టరు ఎక్కడా కనబడదు. బిడ్డ పుడితే హిజ్రాలు గుమ్మం దగ్గరకొచ్చి ఇచ్చే దువా మాత్రం తీసుకుంటాం.

మీ ఊళ్లో మాలాంటివాళ్లు ఎక్కడికి పోతారు అబీ, అని ఆ కుర్రాడు అడిగాడు. 2013 నుంచి ఒక ప్రైడ్ ఊరేగింపు జరుగుతోందని, ముఖానికి ముసుగు కట్టుకుని నడిచేవాళ్లున్నారని చెప్పాం. ముసుగులో నడిచేవాళ్లలో మనవాళ్లుంటారా అన్నాడు. ఉంటారు అన్నాం. అతను లోపలికి పోయాడు, అతనికి నచ్చిన పాటేదో వస్తోంది.

ఆఖరి రోజు పొద్దున విల్మర్స్‌డార్ఫ్ మసీదుకి వెళ్లాం. రెండు మీనార్ల తెల్లటి మసీదు, చూస్తే మొగల్ కట్టడమే అనిపిస్తుంది. 1920లలో లాహోర్ అహ్మదీయా మిషన్ కట్టించింది. వాళ్లు ముస్లింలే కాదనేవాళ్లు మనలో బోలెడు మంది, ఆ గుమ్మం దగ్గరా ఒక ప్రశ్న ఉందన్నమాట. ఆ మసీదు లేస్తున్న కాలంలోనే హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ బెర్లిన్‌లో డాక్టరేట్ చేస్తూ, 1925లో కావియానీ ప్రెస్సులో గాలిబ్ దివాన్ అచ్చు వేయిస్తున్నాడు. అదే 1925లో హ్యూగో మార్కుస్ అనే జర్మన్ యూదు తత్వవేత్త ఇస్లాం తీసుకుని హమీద్ అయ్యాడు. హమీద్ మార్కుస్ స్వలింగ ప్రేమికుడు. హిర్ష్‌ఫెల్డ్ నడిపిన ఉద్యమంలో పనిచేసినవాడు. ఆ మసీదు చుట్టూ ఏర్పడ్డ జర్మన్ ముస్లిం సంఘానికి కొన్నేళ్లు అధ్యక్షుడు. మసీదు పత్రికలో వ్యాసాలు రాశాడు, 1939లో వెలువడిన జర్మన్ ఖురాన్ అనువాదాన్ని దిద్దాడు. 1938 నవంబర్‌లో యూదుల ఇళ్ల మీద పడ్డప్పుడు నాజీలు అతన్ని సాక్సెన్‌హౌసెన్ శిబిరానికి పట్టుకుపోయారు. వాళ్ల లెక్కలో అతను యూదుడే, కలిమా చదివినా. అతన్ని దేశం దాటించడానికి కాగితాల కోసం తిరిగింది ఆ మసీదు ఇమాం, షేక్ ముహమ్మద్ అబ్దుల్లా. 1939లో హమీద్ స్విట్జర్లాండ్ చేరాడు. అక్కడ హాన్స్ ఏలియెనుస్ అన్న మారుపేరుతో స్వలింగ ప్రేమికుల పత్రికకు కథలు రాశాడు. 1966లో బాసెల్‌లో చనిపోయాడు.

మసీదు ఆవరణలో పెద్దాయనొకాయన చెట్ల కింద ఆకులు ఊడుస్తున్నాడు. సలాం చేస్తే సలాం చేశాడు. ఎక్కడి నుంచి అని అడిగాడు. హైదరాబాద్ అన్నాం. దక్కనా, పాకిస్తానా అన్నాడు. దక్కన్ అన్నాం. జొహర్‌కి ఇంకా టైముంది, వుజూ చేసుకుని లోపల కూర్చోండి అని చీపురు గోడకు ఆనించి, తాళంచెవి తేవడానికి వెళ్లాడు.